మచ్చ దొరికింది, సూది అందాలి

మా చిన్నమ్మ రొమ్ము పరీక్షల రిపోర్టు చూసి కర్నూలు డాక్టరు అన్న మాట ఇది: "ఈ మచ్చ మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) లేదు, అల్ట్రాసౌండ్‌లో లేదు. ఎంఆర్ఐలోనే కనబడుతోంది. క్యాన్సరో కాదో తేలాలంటే అందులోనే చూసుకుంటూ సూదితో ముక్క తీయాలి. హైదరాబాదుకు పోండి." ఎంఆర్ఐ తీసింది ఈ ఊళ్లోనే కదా, మళ్లీ 210 కిలోమీటర్లు ఎందుకు?

దీని వెనక పెద్ద కథే ఉంది. ఎంఆర్ఐ అంటే అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మ తీసే పరీక్ష. ఎలుకల కణితులు అయస్కాంత పరీక్షలో మామూలు కండకన్నా వేరుగా స్పందిస్తాయని 1971లో అమెరికా వైద్యుడు రేమండ్ డమాడియన్ చూపించారు. 1973లో రసాయన శాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్ అలాంటి సంకేతాల నుంచే బొమ్మ తీశారు. రొమ్ము పరీక్షకు మాత్రం మలుపు 1980లలో జర్మనీలో వచ్చింది. అక్కడి రేడియాలజిస్టు సిల్వియా హేవాంగ్ బృందం గాడోలినియం మందును నరానికి ఎక్కించి చూసింది. క్యాన్సర్ గడ్డ తన కోసం పెంచుకునే కొత్త రక్తనాళాలు కారుతుంటాయి. మందు అక్కడికి త్వరగా చేరి, ఆ చోటు తెల్లగా వెలుగుతుంది.

చిక్కు అక్కడే మొదలైంది. వెలిగిన ప్రతిదీ క్యాన్సర్ కాదు. ముక్క తీస్తేగానీ తేలదు. మామూలు స్టీలు సూదిని ఆ అయస్కాంతం దగ్గరికి తీసుకుపోకూడదు. మొదట్లో అయస్కాంతానికి లొంగని తీగతో గుర్తు పెట్టి, తర్వాత ఆపరేషన్‌లో ఆ భాగం కోసి తీసేవారు. 1990ల మధ్యలో వాక్యూమ్‌తో ముక్కను లాగే సూది వచ్చాక కోత అవసరం చాలావరకు తప్పింది. 2007లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు 20–25 శాతం, ఆపైన ఉన్న స్త్రీలకు ఏటా ఎంఆర్ఐ తీయాలని చెప్పడంతో ఇలాంటి మచ్చలు మరిన్ని బయటపడ్డాయి.

చిన్నమ్మను బోర్లా పడుకోబెట్టారు. రొమ్మును గళ్ల పలక మధ్య మెల్లగా నొక్కి, చర్మం మీద విటమిన్ ఈ మాత్ర అతికించారు. మెడికల్ షాపులో దొరికే మాత్రే! అందులోని నూనె బొమ్మలో తెల్లగా మెరుస్తుంది, దాన్నిబట్టి ఏ గడిలోంచి ఎంత లోతుకు పోవాలో లెక్క కడతారు. మందు వెలుగు కొన్ని నిమిషాలకే తగ్గిపోతుంది కాబట్టి చేయి తిరిగినవాళ్లే చేయాలి. రొమ్ము చుట్టూ ఉండి సంకేతాలు అందుకునే కాయిల్, ఆ సూది, ఆ అనుభవం ఎంఆర్ఐ ఉన్న ప్రతిచోటా ఉండవు. మమ్మల్ని హైదరాబాదుకు పంపింది అందుకే.

"కెలికితే పాకుతుంది, పోవద్దు" అని ఊళ్లో నలుగురూ భయపెట్టారు. ఆ మాట నమ్మి నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. ముక్క తీశాక ఆ చోట నువ్వుగింజంత టైటానియం క్లిప్ వదిలారు. "ఇది లోపలే ఉంటాదా నాయనా?" అని అడిగింది చిన్నమ్మ. ఉంటుంది, మళ్లీ చూడాల్సి వస్తే ఆ చోటు తెలియడానికి.