కోటి రూపాయల ప్రశ్న వెనుక నందికొండ, అలంపూర్

2021 నవంబరులో జెమినీ టీవీలో ప్రసారమైన ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ పోటీలో తెలంగాణకు చెందిన ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ చివరి ప్రశ్న దాకా వెళ్లి కోటి రూపాయలు గెలుచుకున్నారు. జూనియర్ ఎన్టీఆర్ నిర్వహించిన ఆ కార్యక్రమంలో కోటి దక్కడం అదే మొదటిసారి. 1956లో రాష్ట్రాల పునర్విభజనకు ఏ కమిషన్ ఆధారమన్నది ఆ ప్రశ్న సారాంశం. జవాబు ఫజల్ అలీ కమిషన్.

జవాబులో తప్పు లేదు. పోటీదారు గెలుపు పూర్తిగా న్యాయమైనదే. కానీ నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల నుంచి చూస్తే ఆ పేరు వెనుక ఒక మెలిక ఉంది. దేశపటాన్ని చాలావరకు ఆ కమిషన్ చెప్పినట్టే గీశారు. తెలంగాణ విషయంలో మాత్రం అది చెప్పినదానికి భిన్నంగా చేశారు. నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటి ఎంచుకునే ఆటలో ఆ సంగతికి చోటుండదు.

1998లో బ్రిటన్‌లో పుట్టిన ఈ ఆట 2000లో అమితాబ్ బచ్చన్‌తో హిందీలోకి, 2014లో నాగార్జునతో తెలుగులోకి వచ్చింది. హిందీలో మొదటి కోటి గెలిచిన హర్షవర్ధన్ నవాథే సివిల్ సర్వీసుల పరీక్షకు చదువుతున్న యువకుడు. ఆయనకు వచ్చిన చివరి ప్రశ్న కూడా పార్లమెంటు కార్యకలాపాల్లో పాల్గొనే హక్కు రాజ్యాంగం ఎవరికి ఇచ్చిందన్నదే. అటార్నీ జనరల్ అన్నది జవాబు. పోటీ పరీక్షల చదువుకూ ఈ ఆటకూ మొదటి నుంచీ ఉన్న చుట్టరికం అది. మన దగ్గర గ్రూప్స్ పరీక్షల్లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీద విడిగా ఒక పేపరే ఉంది. నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో గ్రంథాలయంలో కూర్చుని చదివే అభ్యర్థిని లేపి అడిగినా ఫజల్ అలీ, పణిక్కర్, కుంజ్రు అని ముగ్గురు సభ్యుల పేర్లూ చెబుతారు. వాళ్లు ఏం రాశారన్నది ఆ పేర్లకన్నా ముఖ్యం.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు, ఆ వెంటనే దేశమంతటా భాషా రాష్ట్రాల డిమాండ్లు. ఆ ఒత్తిడిలోనే 1953 డిసెంబరులో నెహ్రూ ప్రభుత్వం ఈ కమిషన్‌ను వేసింది. 1955 సెప్టెంబరు 30న నివేదిక వచ్చింది. తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాద్ పేరుతో విడి రాష్ట్రంగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే అప్పుడు ఆంధ్రతో కలపవచ్చని అందులో ఉంది. తెలంగాణ ఉద్యమకారులు దశాబ్దాల పాటు సభల్లో చదివి వినిపించిన 386వ పేరా అదే.

అంతకు కాస్త ముందు నల్గొండ వాళ్లు తప్పక చదవాల్సిన భాగం ఒకటుంది. భవిష్యత్తు అభివృద్ధి పథకాల్లో తమ ప్రాంతానికి తగిన చోటు దక్కదేమోనన్న తెలంగాణవారి భయాన్ని ప్రస్తావిస్తూ కమిషన్ కృష్ణా నది మీది నందికొండ ప్రాజెక్టును ఉదాహరణగా చూపింది. కృష్ణా, గోదావరి నీళ్ల వాడకంపై తమకున్న స్వతంత్ర హక్కులను వదులుకోవడానికి తెలంగాణ ఇష్టపడటం లేదని నమోదు చేసింది. ఆ మాటలు అచ్చయిన సుమారు రెండు నెలలకే, 1955 డిసెంబరు 10న, నెహ్రూ వచ్చి ఆ నందికొండ దగ్గరే నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆనకట్ట ఉన్న జిల్లాలోనే మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఊళ్లు ఆ తర్వాత కూడా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ తాగుతూ ఎముకలు వంగిపోయి బతికాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ బ్యాలెట్ పత్రం మీదికి 480 మంది అభ్యర్థులు ఎక్కింది ఆ బాధను దేశానికి వినిపించడానికే.

కమిషన్ మాటను ఎందుకు పక్కనపెట్టారు? తెలంగాణ అంతా ఒక్క గొంతుతో వద్దన్నదని చెప్పడం చరిత్రకు అన్యాయం. సాయుధ పోరాటపు గడ్డ నల్గొండ 1952లో నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపిన రావి నారాయణరెడ్డి కమ్యూనిస్టు. ఆ పార్టీ ఆంధ్ర, తెలంగాణ కలిసిన విశాలాంధ్ర కోరింది. 1955 డిసెంబరులో హైదరాబాద్ శాసనసభలో అభిప్రాయం చెప్పిన 147 మందిలో 103 మంది విశాలాంధ్రకు అనుకూలంగా, 29 మంది వ్యతిరేకంగా మాట్లాడారు. 15 మంది తటస్థంగా ఉన్నారు. అయితే ఆ సభలో మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులూ కూర్చున్నారు. పైగా కమిషన్ అడిగింది అప్పటి సభ అభిప్రాయాన్ని కాదు, విడి రాష్ట్రంగా కొన్నేళ్లు నడిచాక ఎన్నికయ్యే సభ తీర్మానాన్ని. ఈ తేడాను చిన్నదిగా చూడటం నాకు సాధ్యం కాదు.

తెలంగాణను కొన్ని రక్షణలతో ఆంధ్రతో కలపడానికి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ తరఫున సంతకం చేసినవారిలో హైదరాబాద్ ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు ఒకరు. ఆయన నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ నుంచి గెలిచిన నాయకుడు. ఒప్పందంలోని రక్షణలు సరిగా అమలు కాకపోవడం 1969 ఉద్యమానికి దారితీసింది.

పాలమూరు మీద ఆ పునర్విభజన వేసిన గీత ఇంకా సూటిగా కనబడుతుంది. అప్పటిదాకా రాయచూర్ జిల్లాలో ఉన్న అలంపూర్, గద్వాల తాలూకాలు, గుల్బర్గా జిల్లాలోని కొడంగల్ మహబూబ్‌నగర్‌లో కలిశాయి. మిగిలిన రాయచూర్ మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. దానితోపాటు తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్టా అటే పోయింది. హైదరాబాద్ రాష్ట్రం తన పొలాల కోసం మొదలుపెట్టిన పథకం అది. నీళ్లు అందుకోవాల్సిన 87,500 ఎకరాలు అలంపూర్ వైపు, కాలువ మొదలు, మొదటి నలభై కిలోమీటర్ల పైచిలుకు కర్ణాటకలో. కృష్ణా నీళ్లను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ ఆయకట్టుకు 15.9 టీఎంసీలు కేటాయించింది. కాగితం మీది ఆ నీళ్లు చివరి భూములకు చేరక రైతులు ఏటా ఎదురుచూశారు. 2003లో తెలంగాణ రాష్ట్ర సమితి అధ్యక్షుడు కేసీఆర్ అలంపూర్ నుంచి గద్వాలకు పాదయాత్ర చేసింది ఈ కాలువ గురించే.

హైదరాబాద్ రాష్ట్రం విడిపోకుండా ఉంటే మహబూబ్‌నగర్‌కు సాగునీటి అవకాశాలు మెరుగ్గా ఉండేవని బచావత్ ట్రిబ్యునల్ కూడా గుర్తించింది. ఆ జిల్లాలో కృష్ణా మీది జూరాల ప్రాజెక్టుకు 17.84 టీఎంసీలు ఇచ్చింది ఆ లెక్కతోనే. 2014 జూన్ 2న తెలంగాణ విడి రాష్ట్రమైంది. కృష్ణా నీళ్లను రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పంచే పనిని కేంద్రం 2023 అక్టోబరులో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది.