ఎన్నికల సర్వేలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎంత ఎక్కువ మందిని అడిగితే సర్వే అంత నిజమవుతుంది.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పత్రిక పేర్లు తీసుకున్నది ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచి. ఆ ఆర్థిక మాంద్యం రోజుల్లో అవి ఉన్నది కాస్త కలిగినవాళ్లకే. పైగా పట్టింపు ఉన్నవాళ్లే జవాబు పంపారు. లాటరీ తీసినట్టు, ఎవరి పేరైనా రావడానికి వీలుండేలా ఎంపిక చేస్తే వెయ్యి మందితోనే సుమారు 3 శాతం అటూఇటూగా అంచనాకు రావచ్చు. ఆన్‌లైన్‌లో లక్ష మంది నొక్కిన పోల్‌కి ఆ భరోసా లేదు.

అపోహ: జనం ఎలాగూ నిజం చెప్పరు, ఇక సర్వేలెందుకు?

కొన్ని విషయాలు దాస్తారు, నిజమే. ఓటు వేయనివాళ్లు కూడా వేశామంటారు. పక్కన ఇంకెవరైనా నిలబడి వింటుంటే జవాబే మారిపోతుంది. అందుకని వాళ్లను తప్పుబట్టడం నాకు నచ్చదు. మొహమాటపడకుండా చెప్పగలిగేలా అడగడం సర్వేలు చేసే మా బాధ్యత.

ఉదాహరణకి, ఓటుకు డబ్బో కానుకో తీసుకున్నారా అన్న ప్రశ్న. సగం మందికి ప్రచారంలో జరిగే నాలుగు మామూలు పనుల జాబితా ఇస్తాం. మిగతా సగానికి అవే నాలుగు, అదనంగా 'కానుక ఇచ్చారు' అన్న ఐదోది. మీ విషయంలో ఏవి జరిగాయని అడగం, ఎన్ని జరిగాయో మాత్రమే చెప్పమంటాం. ఎవరి గుట్టూ బయటపడదు. మిగతా నాలుగూ అందరికీ ఒకటే కాబట్టి, రెండు గుంపుల సగటుల మధ్య తేడా చూస్తే ఎంతమంది తీసుకున్నారో తెలిసిపోతుంది. నికరాగువాలో 2008 స్థానిక ఎన్నికల తర్వాత నేరుగా అడిగితే ఒప్పుకున్నది 2 శాతం చిల్లర. ఈ పద్ధతిలో తేలింది దాదాపు 24 శాతం!

అపోహ: ప్రచార హోరుతో ఓటర్ల మనసులు మారిపోతాయి.

చాలామంది విషయంలో మారవు. 1940లో ఒహాయోలోని ఈరీ కౌంటీలో అవే మనుషులను నెలల తరబడి మళ్లీ మళ్లీ కలిసి చేసిన అధ్యయనంలోనే, ఎక్కువమంది ముందే నిర్ణయించుకున్నారని తేలింది. ప్రచారం సొంత ఓటర్లను బూత్ దాకా కదిలించడంలో మాత్రం బాగా పనికొస్తుంది.

అపోహ: ఓట్ల శాతం తెలిస్తే సీట్లు చెప్పేయొచ్చు.

2024లో బ్రిటన్‌లో లేబర్ పార్టీకి దాదాపు 34 శాతం ఓట్లతో 650లో 411 సీట్లు వచ్చాయి. 14 శాతం తెచ్చుకున్న రిఫార్మ్ పార్టీకి 5. అంతకంటే తక్కువగా 12 శాతమే వచ్చిన లిబరల్ డెమోక్రాట్లకు 72. ఓట్లు అన్నిచోట్లా పలచగా పరుచుకుంటే చేతికి సీట్లు రావు, కొన్నిచోట్ల గంపగుత్తగా పడితే వస్తాయి. అందుకే ఓట్ల శాతం సరిగ్గా పట్టిన సర్వే కూడా సీట్ల దగ్గర బోల్తా పడొచ్చు. టీవీలో సీట్ల అంకె కనిపించగానే దాని వెనక ఓట్ల శాతం ఎంతో, శాంపిల్ ఎలా తీశారో వెతకండి. ఆ రెండూ చెప్పని సర్వేని నేనైతే పక్కన పెట్టేస్తాను.