డిలే గురించి అపోహలు - వాస్తవాలు (ఒక సౌండ్ ఇంజనీర్ గోల)

లైవ్ సౌండ్, రికార్డింగ్ రెండూ చేస్తుంటా కాబట్టి నాకొచ్చే ఫోన్లలో చాలా వరకు ఇదే, "అన్నా డిలే వస్తోంది, ఏం కొనమంటావ్?" అని. డిలే అంటే సౌండ్ చెవికి ఆలస్యంగా చేరడం. ముందు ఏమీ కొనకండి. డిలే ఎక్కడ పుడుతోంది, ఎవరి చెవిలో పడుతోంది అనేది చూసుకుంటే చాలాసార్లు రూపాయి ఖర్చు లేకుండా పనైపోతుంది.

అపోహ: డిలే అస్సలు లేని సెటప్ ఉంటుంది, అదే బెస్ట్.

వాస్తవం: గాలిలోనే డిలే ఉంది సార్. సౌండ్ సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, అంటే మీటరుకి ఇంచుమించు 3 మిల్లీసెకన్లు. కచేరీలో మృదంగం మూడు మీటర్ల దూరంలో ఉంటే పాడేవాళ్ళకి 9 మిల్లీసెకన్లు లేటుగానే వినిపిస్తుంది, ఎవరైనా కంప్లైంట్ చేశారా? స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సంగీత పరిశోధకుడు క్రిస్ చాఫే వాళ్ళ టీమ్ 2004లో ఇద్దరిద్దర్ని వేరువేరు గదుల్లో పెట్టి హెడ్‌ఫోన్స్‌లో ఒకరినొకరు వింటూ చప్పట్లు కొట్టమంటే, 11 మిల్లీసెకన్ల దగ్గర్లో నడక నిలకడగా ఉంది, అంతకంటే తగ్గిస్తే పరిగెత్తారు, పెంచితే నెమ్మదించారు. అంటే సున్నా కూడా గొప్పేం కాదు.

అపోహ: సీనియర్ ఆర్టిస్టులైతే ఎంత డిలే ఉన్నా అడ్జస్ట్ అయిపోతారు.

వాస్తవం: ఒకళ్ళే అడ్జస్ట్ అయితే కుదురుతుంది. ఇద్దరూ అడ్జస్ట్ అవ్వాలని చూస్తేనే కొంప మునుగుద్ది, ఎందుకంటే ఈయన ఆయన కోసం ఆగుతాడు, ఆయనకి ఆ ఆగడం ఇంకాస్త లేటుగా వినపడి ఆయనా ఆగుతాడు, నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి పాట ఈడుస్తూ ఉంటుంది. ఇందులో విద్వత్తు తక్కువేం లేదు, లెక్క అంతే.

అపోహ: నా బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో డిలే లేదు, వీడియోలో పెదాలు కరెక్ట్‌గా కలుస్తున్నాయి.

వాస్తవం: కలుస్తాయి, ఎందుకంటే ఫోనే వీడియోని ఆ మేరకు ఆపి చూపిస్తుంది. మీ గొంతుని అలా ఆపలేదు కదా. మామూలు బ్లూటూత్‌లో డిలే చాలాసార్లు 150-200 మిల్లీసెకన్లు దాటుతుంది, కరోకే యాప్‌లో అది పెట్టుకుని పాడి "యాప్ బాలేదు" అంటే ఎలా. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, అయిపోతుంది.

హోమ్ స్టూడియో వాళ్ళకి: కొత్త కంప్యూటర్ కొనేముందు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగేసి పంపే సౌండ్ ముక్క సైజు) చూడండి. 44.1 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 44,100 శాంపిల్స్ (సౌండ్ కొలతలు) తీసేటప్పుడు, 1024 శాంపిల్స్ అంటే 23 మిల్లీసెకన్లు, లోపలికి ఓసారి బయటికి ఓసారి, కలిపి 46 పైనే. రికార్డింగ్ టైమ్‌లో 128 పెట్టండి, ఓసారికి సుమారు 3కి, కలిపి 6కి దిగుతుంది, మాస్టర్‌లో (మొత్తం పాట మీద) వేసిన బరువు ప్లగిన్స్ (ఎఫెక్ట్ సాఫ్ట్‌వేర్లు) ఆపేయండి, మిక్సింగ్‌కి మళ్ళీ పెంచుకోండి. పటపటమని శబ్దాలొస్తే ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మీద డైరెక్ట్ మానిటరింగ్ ఆన్ చేయండి, గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళకుండానే చెవికొస్తుంది.

ఇక అసలు సంగతి, ఆన్‌లైన్ సంగీతం క్లాసులు.

అపోహ: నెట్ స్పీడ్ పెంచితే టీచర్‌తో కలిసి పాడొచ్చు.

వాస్తవం: పైపు లావు చేసినంత మాత్రాన ట్యాంకు దగ్గరికి జరగదు. హైదరాబాద్ నుంచి డాలస్ ఇంచుమించు 14,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, తిన్నగా కేబుల్ వేసినా వెళ్ళడానికే 70, రానూపోనూ 140 మిల్లీసెకన్లు. నిజం కేబుల్స్ తిన్నగా ఉండవు, పైన యాప్ బఫర్, వైఫై అన్నీ కలుస్తాయి. 250 అనుకుందాం. ఆదితాళం క్రియకి (ఒక్కో దెబ్బకి, వేలి లెక్కకి) ఒక సెకను చొప్పున వేస్తే, క్రియని నాలుగు మాత్రలుగా విడగొట్టే చతురశ్ర గతిలో ఒక్కో మాత్ర సరిగ్గా 250. అంటే డాలస్‌లో పాప టీచర్‌గారి తాళంతో కరెక్ట్‌గా కలిపే పాడుతున్నా, ఇక్కడ టీచర్‌గారికి ఒక మాత్ర ఆలస్యంగా వినిపిస్తుంది, "తాళం జారుతోందమ్మా" అని అంటారు, పాప తొందరపడుతుంది, అప్పుడు నిజంగానే తప్పుతుంది. పాపం ఎంతమంది పిల్లలు ఇలా తిట్లు తిన్నారో.

కాబట్టి కలిసి పాడటం వదిలేయండి. శృతి, తాళం పిల్లల వైపే మోగాలి. ఒక లైను టీచర్ పాడి ఆపితే పిల్లలు అనాలి. కలిపి పాడించాలనుకుంటే పిల్లలు మ్యూట్‌లో పెట్టుకుని టీచర్‌తో పాడి, అది వాళ్ళ దగ్గర రికార్డ్ చేసి పంపాలి. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ (సౌండ్‌ని యాప్ శుభ్రం చేయకుండా పంపే సెట్టింగ్) ఆన్ చేస్తే గమకాలు మింగేయకుండా ఉంటుంది, అది మంచిదే, డిలే మాత్రం పోదు. హైదరాబాద్-విజయవాడ అయితే వేరే కథ, ఫైబర్‌లో రెండు మూడు మిల్లీసెకన్లే, అక్కడ అడ్డం పడేది ఇంట్లో వైఫై, మీటింగ్ యాప్స్. వైరు నెట్, ఆడియో ఇంటర్‌ఫేస్, నెట్‌లో కలిసి వాయించడానికే చేసిన జాక్‌ట్రిప్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే ప్రయత్నించొచ్చు.

అపోహ: డిలే అంటేనే తప్పు.

వాస్తవం: పెద్ద గ్రౌండ్‌లో మేమే కావాలని పెడతాం. స్టేజి నుంచి 30 మీటర్ల దూరంలో, గ్రౌండ్ వెనక వైపు పెట్టిన స్పీకర్లకి, ముందు స్పీకర్ల సౌండ్ అక్కడికి చేరడానికి పట్టే 87 మిల్లీసెకన్ల డిలే ఇవ్వకపోతే జనానికి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. కానీ ఆ స్పీకర్ల సౌండ్ తిరిగి స్టేజి మీదకి రావడానికి ఇంకో 87, మొత్తం 175 దాకా అవుతుంది. తన గొంతే 200 దగ్గర్లో లేటుగా వినపడితే మనిషికి మాట తడబడుతుందని 1950లోనే బెర్నార్డ్ లీ అనే పరిశోధకుడు రాశాడు. అందుకే సభల్లో అంత బాగా మాట్లాడేవాళ్ళు కూడా మైకు ముందు సాగదీస్తుంటారు, పాడేవాళ్ళు ఎత్తుగడ దగ్గరే తడుముకుంటారు. "ఆయనకి మైకు భయం" అనేముందు మీరే వెళ్ళి ఆ మైకులో రెండు ముక్కలు మాట్లాడి చూడండి, వెనక నుంచి తిరిగొస్తుంటే ఆ స్పీకర్లని కిందికి వంచండి, స్టేజి మానిటర్ (పాడేవాళ్ళ వైపు తిప్పి పెట్టిన స్పీకర్) కొంచెం పెంచండి.