టెర్మినల్‌లో రంగులు: అపోహలు - వాస్తవాలు

విశాఖ ఓడరేవుకు వచ్చే ఓడల పట్టిక చూపే చిన్న కమాండ్‌లైన్ ప్రోగ్రాం ఉందనుకుందాం, అంటే టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే అక్షరాల తెరలో) నడిచేది. ఆలస్యమైన ఓడ పక్కన 'ఆలస్యం' అని ఎర్రగా పడాలి. తప్పులన్నీ ఆ ఒక్క ఎరుపు దగ్గరే మొదలవుతాయి.

అపోహ: రంగు అక్షరానికి ఉండే గుణం.

వాస్తవం: కాదు, అక్షరాల మధ్య దూరే మరికొన్ని బైట్లు. ఎస్కేప్ (27వ నంబరు బైటు), చదరపు బ్రాకెట్టు, 31, చిన్న ఎమ్ కలిపి 5 బైట్లు. ఎరుపు వీటితో మొదలవుతుంది. 31 బదులు 0 పెడితే 4 బైట్లు, రంగు ఆగిపోతుంది. వీటిని తగిలించాక ఆ మాటను 20 గళ్ల వెడల్పులో అచ్చువేయమంటే, ప్రింట్‌ఎఫ్ (అచ్చువేసే ఫంక్షన్) ఈ 9 బైట్లనూ లెక్కలోకి తీసుకుంటుంది. ఖాళీలు తగ్గి, ఆ వరుసలో బెర్తు (ఓడ ఆగే చోటు) నంబరు ఎడమకు జరిగిపోతుంది. ముందు ఖాళీలు నింపండి, ఆ తర్వాతే రంగు వేయండి.

అపోహ: తెరమీద బాగుంటే ఫైల్లోనూ బాగుంటుంది.

వాస్తవం: ఫైల్లోకి మళ్లించినా, పైపులోకి (నేరుగా మరో ప్రోగ్రాంకు) పంపినా ఈ రంగు కోడ్లు వెంటే వెళ్తాయి. 'ఆలస్యం'తో మొదలయ్యే వరుసలను గ్రెప్‌తో (మాటలు వెతికే కమాండ్) వెతికితే ఒక్కటీ దొరకదు, వరుస మొదట ఉన్నది ఎస్కేప్ మరి. కంటికి కనపడదు కాబట్టి గంటలు తినేసే తప్పు ఇదే. ఫైలును తెరమీద చూపే క్యాట్ కమాండ్‌కు మైనస్ వి ఇచ్చి చూస్తే ^[[31m అంటూ బయటపడుతుంది. రంగు వేసేముందు అవతల ఉన్నది టెర్మినలేనా అని ఐజ్‌ఏటీటీవై అనే ఫంక్షన్‌తో అడగాలి. స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు (మామూలు ఫలితాలు వెళ్లే దారి) ఒకసారి, స్టాండర్డ్ ఎర్రర్‌కు (తప్పుల సందేశాలు వెళ్లే దారి) ఇంకోసారి. ఒకటి ఫైల్లోకి పోతూ రెండోది తెరమీద ఉండొచ్చు.

అపోహ: ఆ తనిఖీ ఒక్కటి చాలు.

వాస్తవం: వాడేవాళ్ల మాటా వినాలి. నో_కలర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములన్నీ చదవగలిగే సెట్టింగు) 2017 నుంచి వాడుకలో ఉంది. అందులో ఖాళీ కాని విలువ ఏదున్నా, చివరికి 0 ఉన్నా, రంగులు ఆపాల్సిందే. కమాండ్‌తో పాటు 'రంగు ఎప్పుడూ కావాలి' అనే ఆప్షన్ ఇస్తే మాత్రం దానిదే పైచేయి: ఫలితాన్ని పైపు ద్వారా లెస్‌కు (పేజీలుగా చూపే కమాండ్) పంపి, రంగులు చూపమని మైనస్ పెద్ద ఆర్ ఇచ్చి చదివేవాళ్లకు అది అవసరం.

అపోహ: విండోస్‌లో ఈ కోడ్లు పనిచేయవు.

వాస్తవం: విండోస్ 10 నుంచి పనిచేస్తాయి. పాత కన్సోల్‌లో వర్చువల్ టెర్మినల్ ప్రాసెసింగ్ (ఈ కోడ్లను అర్థం చేసుకునే సదుపాయం) ఆన్ చేయాలి.

అపోహ: ఎరుపుంటే 'ఆలస్యం' అన్న మాట అక్కర్లేదు.

వాస్తవం: 31 ఏ ఛాయలో పడుతుందో టెర్మినల్ థీమ్‌ను బట్టి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లూ ఉన్నాయి. ఆ మాట తీసేయకండి.