తిరగేసి కుట్టిన జోడు

ఈజిప్టు క్రైస్తవులైన కాప్టుల చర్చి కథ ఒక తెగిన చెప్పుతో మొదలవుతుంది. సువార్త రాసిన మార్కు అలెగ్జాండ్రియాలో అడుగు పెట్టేసరికి చెప్పు వారు తెగిందట. బాగు చేయించుకుందామని అనియానస్ అనే చర్మకారుడి దగ్గరికి వెళ్లాడు. కుడుతుంటే తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె జారి అతని చేతిలో దిగింది. "దేవుడొక్కడే!" అని అరిచాడు. మార్కు ఆ గాయం మాన్పాడని, మార్కు తర్వాత అలెగ్జాండ్రియా పీఠం ఎక్కింది ఈ చెప్పులు కుట్టే మనిషేనని కాప్టుల నమ్మకం. కథలో కల్పన పాలు ఎంతైనా ఉండనీండి, ఆరె జారడం మాత్రం ఆ పని దగ్గర కూర్చుని చూసినవాళ్లకే తట్టే సంగతి.

అలాంటి చర్మకారులు 4 నుంచి 7వ శతాబ్దం దాకా చేసిన జోళ్లు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. నైలు నది పక్క పొలాల్లో పూడ్చి ఉంటే ఏనాడో మట్టైపోయేవి. కానీ శ్మశానాలు పంట నేల దాటాక, ఎడారి అంచున ఉండేవి. తడి లేని ఇసుకలో తోలును తినే సూక్ష్మజీవులు బతకలేవు. 19వ శతాబ్దం చివర్లో ఈజిప్టు పట్టణమైన అఖ్మీమ్‌లోనూ, రోమన్ చక్రవర్తి హాడ్రియన్ 130లో అక్కడే కట్టించిన ఆంటినోపొలిస్ నగరంలోనూ ఆ సమాధుల్ని తెగ తవ్వారు. తవ్వినవాళ్ల కళ్లన్నీ రంగురంగుల బట్టల మీదే. ఏ జోడు ఏ సమాధిలో, ఎవరి కాళ్లకు ఉందో చాలావాటికి రాసిపెట్టనే లేదు. శాస్త్రానికి ఇది తీరని నష్టం. అందుకే ఇప్పుడు పరిశోధకులు తోలునే, కుట్టునే అడగాల్సి వస్తోంది.

తోలు చెప్పేది తక్కువేం కాదు. పచ్చి చర్మం నిండా కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులుంటాయి. తడిగా ఉంటే అవి కుళ్లుతాయి, ఎండితే బిర్రబిగుసుకుపోతాయి. ఫారోల కాలంలో నూనె, కొవ్వు పట్టించి మెత్తబరచడమే ఎక్కువ. గ్రీకుల, రోమన్ల పాలన వచ్చాక చెట్ల బెరడు, కాయల్లో ఉండే వగరు పదార్థాలైన టానిన్లతో తోలు పదును చేయడం బాగా వ్యాపించింది. ఈజిప్టులో అందుకు చేతికందే సరుకు నల్లతుమ్మ కాయలు. మన ఊళ్లలో లందల్లో తోళ్లు నానబెట్టడానికి వాడిన తుమ్మచెక్క కూడా ఆ చెట్టుదే. టానిన్ అణువులు కొల్లాజెన్ పోగుల మధ్యకు చేరి వాటిని పట్టుకుంటాయి. ఇక నీళ్లు, సూక్ష్మజీవులు అంత తేలిగ్గా చొరబడలేవు. పాత తోలు పోగు మీద ఇనుప లవణం చుక్క వేసి చూస్తే టానిన్ ఉన్నచోట నీలి నలుపు తేలుతుంది.

కుట్టు దగ్గర అసలు నేర్పు కనిపిస్తుంది. మూసిన జోళ్లలో చాలావాటిని లోపలి వైపు బయటికి ఉండేలా తిరగేసి కుట్టారు. పైతోలుకు మేక చర్మంలాంటి పలుచటిది, అడుగుకు కాస్త మందమైనది తీసుకుంటారు. రెండింటి మంచి వైపులూ ఎదురెదురుగా పెట్టి అంచు వెంట ఆరెతో బెజ్జాలు పొడిచి, నార దారంతో కుడతారు. కొన్నింటిలో ఆ రెండు తోళ్ల మధ్య సన్నటి తోలు పట్టీ ఒకటి ఇరికిస్తారు. ఇసుక, తడి కుట్టులోకి రాకుండా అడ్డుపడేది అదే. అంతా అయ్యాక తోలును తడిపి, దిండు గలీబు తిరగేసినట్టు ముందు మడమ, తర్వాత మునివేళ్ల వైపు బయటికి లాగుతారు. దాంతో కుట్టంతా లోపలికి పోతుంది. దారం నేలకు రాసుకోదు, త్వరగా అరగదు. ఒక్క చిక్కుంది: అడుగు మరీ మందంగా ఉంటే జోడు తిరగబడదు. కాబట్టి గట్టి అడుగు కావాలంటే తిప్పాక కింద ఇంకో పొర కుట్టుకోవాల్సిందే.

మ్యూజియంలో జనం ఆగి చూసేది మాత్రం బంగారాన్ని. ఎర్రతోలు మీద బంగారు రేకు అద్ది, సుడులు, వలయాలు తీర్చిన ఆడవాళ్ల జోళ్లు నిజంగానే కళ్లు తిప్పుకోనివ్వవు. నాకైతే చెప్పులతో పాటు వేసుకున్న మేజోళ్లే ఎక్కువ ఇష్టం. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈజిప్టులోని ఆక్సిరింకస్ అనే పాత పట్టణం నుంచి వచ్చిన ఎర్ర ఉన్ని మేజోళ్ల జత ఉంది. చెప్పు వారు దూరడానికి బొటనవేలు విడిగా ఉండేలా వాటిని ఒకే సూదితో అల్లారు. సాక్సు మీద చెప్పులేసుకుంటే నవ్వే పిల్లలకు ఆ ఫొటో చూపించాలి.

ఈ పని ఊరి దుకాణాలకే పరిమితం కాలేదు. 4వ శతాబ్దపు ఈజిప్టు సన్యాసి పకోమియస్ స్థాపించిన మఠాల్లో సన్యాసులు ఒకరు సేద్యం, ఒకరు కమ్మరం చేస్తుంటే, ఇంకొకరు తోళ్లు పదును చేసేవారు, మరొకరు చెప్పులు కుట్టేవారు. ధరల సంగతికొస్తే, 301లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ వస్తువులకు గరిష్ఠ ధరలు కట్టాడు. అప్పుడు పొలం కూలీకి తిండి పెట్టి రోజుకు 25 దెనారీలు (రోమన్ నాణేలు). కంచరగాడిదలు తోలేవాళ్లు, రైతులు వేసుకునే మేలురకం బూట్లు 120 దెనారీలు. అంటే ఐదు రోజుల కూలికి కాస్త తక్కువ. సెనేటర్ల జోళ్లకు కట్టిన ధర 100 మాత్రమే. సభలో కూర్చునేవాడి జోడు కంటే గాడిదల వెంట నడిచేవాడి బూటుకు తోలు ఎక్కువ పట్టేదేమో!