ఐదుకు మూడుంపావు వస్తే ఆవు ఫెయిలయినట్టా?

బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి పాడి రైతు ఒకాయన పోయిన వేసవిలో ఫోను చేశారు. "డాక్టర్ గారూ, మన ఆవుకు అరవై ఐదు శాతమే వచ్చింది" అన్నారు. పదో తరగతి ఫలితాలు చూసిన తండ్రి గొంతులా ఉంది. ఆయన షెడ్డు గుమ్మం పైన మేము బిగించిన కెమెరా, ఏడు నెలల చూడితో ఉన్న హోల్‌స్టెయిన్ సంకర ఆవుకు బాడీ కండిషన్ స్కోరు, అంటే ఒంటి మీద కొవ్వు ఎంత పట్టిందో చెప్పే అంకె, ఐదుకు 3.25 ఇచ్చింది. దాన్ని ఐదుతో భాగించి శాతం కట్టుకున్నారు.

ఆవు ఉండవలసిన చోటే ఉంది, మేత మార్చవద్దని చెప్పాను. సరేనన్నారు గానీ మనసు ఒప్పుకోలేదు. కోవూరు మిల్లుల తవుడు చేతికందే దూరం, ఇంట్లో నూకలకు లోటు లేదు. ఈనే నాటికి ఆవును 4 దాటించారు.

ఈనిన పదో రోజున మళ్లీ ఫోను. వెళ్లి చూస్తే దాణా ముట్టడం లేదు, గడ్డి మాత్రం కాస్త కొరుకుతోంది. పాలు సగానికి పడ్డాయి. ఊపిరిలో మాగిన పండు వాసన. కీటోసిస్, అంటే ఒంట్లో కొవ్వు మితిమీరి కరగడంతో వచ్చే జబ్బు. గ్లూకోజ్ ఎక్కించి, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే శక్తినిచ్చే మందు తాగించి నిలబెట్టాం. ప్రాణం దక్కింది, ఆ ఈత పాలు మాత్రం దక్కలేదు. ఆయన్ను తిట్టలేకపోయాను. బిడ్డకు పెట్టినట్టే పెట్టారు పాపం.

నేను చూసినంతలో పాడి రైతు జేబుకు ఎక్కువ చిల్లు పెట్టే అపోహ ఇదే: ఎక్కువ స్కోరు అంటే మంచి స్కోరు అనుకోవడం. 1 అంటే ఎముకల గూడు, 5 అంటే కొవ్వు ముద్ద. రెండు కొసలూ జబ్బు వైపే. ఈనేటప్పుడు 3 నుంచి 3.5 మధ్య ఉండాలి. ఈనాక అర పాయింటు తగ్గడం సహజం, దానికి కంగారు పడనక్కరలేదు. అంతకు మించి జారితేనే పిలవండి.

బలిసిన ఆవుకు ఏమవుతుందంటే, ఈనిన వెంటనే పాలు పెరిగినంత వేగంగా ఏ ఆవుకూ ఆకలి పెరగదు. ఆ లోటును ఒంట్లో కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. బలిసిన ఆవుకు ఆకలి ఇంకా మందం. కాబట్టి ఇంకా ఎక్కువ కరిగిస్తుంది. ఆ కొవ్వంతా కాలేయం మీద పడుతుంది. అక్కడ పేరుకుంటే కాలేయం చతికిలపడుతుంది. అలాగని వట్టిపోయాక సన్నబరచాలని మేత కోసినా ఇదే గతి. దిద్దుబాటు ఏదైనా పాలిచ్చే చివరి నెలల్లోనే జరగాలి.

మిగతా అపోహలు చకచకా చెబుతాను. వాట్సాప్‌లో పక్క నుంచి తీసిన ఫొటో పంపి స్కోరు అడుగుతారు, దళారి పంపిన ఫొటో చూసి ఆవును కొంటారు కూడా. కడుపు నిండా కుడితి తాగిన బక్క ఆవు పక్క నుంచి నిండుగానే కనిపిస్తుంది. మా కెమెరా పై నుంచి లోతు కొలుస్తుంది: తుంటి ఎముకల మధ్య పల్లమెంత, తోక మొదట గుంట ఎంత అని. కుడితితో ఆ గుంటలు పూడవు. కెమెరా చూడి చెబుతుందా? చెప్పదు. జబ్బు చెబుతుందా? అదీ చెప్పదు. ఒక రోజు అంకె చూసి గుండె బాదుకోవద్దు, వారాల తరబడి గీత ఎటు పోతోందో చూడండి.

గేదెల రైతులకు ఒక మాట. ఈ స్కోరు వేయడానికి ఎక్కువగా వాడే పట్టికల్లో ఒకటి 1989లో అమెరికాలో హోల్‌స్టెయిన్ ఆవుల కోసం తయారైంది. కొవ్వు పట్టే తీరు ముర్రా గేదెకు వేరు, మూపురమున్న ఒంగోలు ఆవుకు వేరు. విదేశీ ఆవుల ఫొటోలతో నేర్పిన కెమెరా వీటికి ఇచ్చే అంకెను నేనైతే నమ్మను. వీటి దగ్గర నా చెయ్యే నాకు కొలత. నడుము మీద వేళ్లు నొక్కి చూస్తాను.

కెమెరా చూపు తగిలితే ఆవుకు దిష్టి అని ఒక అవ్వ గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టించింది. ఉండనిచ్చాం. లెన్సుకు అడ్డం వస్తున్నాయని జానెడు పక్కకు జరిపామంతే.