ఎంఆర్చ్ ఆప్షన్: అపోహలు - వాస్తవాలు

సోర్స్ కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే జీసీసీ కంపైలర్‌కి, ఏ రకం ప్రాసెసర్ కోసం కోడ్ తయారుచేయాలో చెప్పే ఆప్షన్ ఎంఆర్చ్ (-march).

అపోహ: ఎంఆర్చ్‌కి నేటివ్ అని ఇస్తే చాలు, ప్రోగ్రామ్ వేగంగా నడుస్తుంది.

వాస్తవం: నేటివ్ అంటే బిల్డ్ జరుగుతున్న మెషిన్. ప్రోగ్రామ్ నడవబోయే మెషిన్ వేరే ఉండొచ్చు. ఒకసారి నేను కొత్త బిల్డ్ మెషిన్ మీద ఇలాగే కంపైల్ చేసి పాత సర్వర్‌కి పంపాను. టెస్టులన్నీ పాసయ్యాయి, సర్వర్ మీద కూడా చక్కగా స్టార్టయింది. పావుగంటకి ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోయింది. డీబగ్గర్ జీడీబీలో చూస్తే, ఆగిన చోటు చూపే బాణం గుర్తు ఒక ఏవీఎక్స్-512 (ఒకేసారి చాలా సంఖ్యల మీద పనిచేసే, కొన్ని ప్రాసెసర్లలోనే ఉండే రకం) ఇన్‌స్ట్రక్షన్ దగ్గరుంది. అది ఉన్న ఫంక్షన్‌ని అప్పటిదాకా ఎవరూ పిలవలేదు, అంతే. ‘స్టార్టయింది కదా’ అని నిశ్చింతగా ఉండకండి.

అపోహ: కొత్త ప్రాసెసర్‌లో పాతవాటి ఇన్‌స్ట్రక్షన్లన్నీ ఉంటాయి.

వాస్తవం: ఇంటెల్ రాకెట్ లేక్‌లో ఏవీఎక్స్-512 ఉంది. తర్వాత 2021 చివర్లో వచ్చిన ఆల్డర్ లేక్‌లో అధికారికంగా లేదు.

అపోహ: ఎంట్యూన్ అన్నా ఎంఆర్చ్ అన్నా ఒకటే.

వాస్తవం: ఏ ఇన్‌స్ట్రక్షన్లు వాడొచ్చో ఎంఆర్చ్ చెబుతుంది. ఎంట్యూన్ మాత్రం ఉన్నవాటినే ఏ ప్రాసెసర్‌కి నప్పేలా ఎంచుకోవాలో, ఏ వరుసలో పేర్చాలో చెబుతుంది కాబట్టి పాత మెషిన్ మీదా బైనరీ (కంపైల్ చేస్తే వచ్చే ప్రోగ్రామ్ ఫైల్) నడుస్తుంది. ఎంసీపీయూ (-mcpu) అనే ఇంకో ఆప్షన్‌తో మాత్రం జాగ్రత్త. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల రకం) జీసీసీలో అది ఎంట్యూన్‌కే పాత పేరు, ఆర్మ్ అనే మరో రకం ప్రాసెసర్లలో రెండు పనులూ చేస్తుంది. ఒకదాని మేక్‌ఫైల్‌ని (బిల్డ్ సూచనలుండే ఫైల్) ఇంకోదానికి కాపీ చేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

అపోహ: వేగం మారుతుంది గానీ లెక్కల ఫలితం మారదు.

వాస్తవం: మారొచ్చు. నన్ను అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. టార్గెట్ ప్రాసెసర్‌లో ఎఫ్ఎంఏ (గుణకారం, కూడిక కలిపి చేసే ఇన్‌స్ట్రక్షన్) ఉంటే, ఆప్టిమైజేషన్ ఆన్ చేసినప్పుడు జీసీసీ మామూలుగా గుణకారాన్నీ కూడికనీ ఒకే ఇన్‌స్ట్రక్షన్‌గా కలిపేస్తుంది. రెండుసార్లు జరగాల్సిన రౌండింగ్ ఒకసారే జరుగుతుంది, చివరి అంకెలు తేడా వస్తాయి. నిజానికి ఒకసారే రౌండ్ చేసిన జవాబు చాలాసార్లు ఎక్కువ కచ్చితమైనది. కానీ పాత ఫలితంతో అచ్చంగా సరిపోవాలని రాసిన టెస్ట్ ఫెయిలవుతుంది. అలా సరిపోవాల్సిందే అయితే ఇలా కలపడాన్ని నియంత్రించే ఎఫ్ఎఫ్‌పీ-కాంట్రాక్ట్ (-ffp-contract) ఆప్షన్‌ని ఆఫ్ చేయండి.

నలుగురి మెషిన్ల మీద నడవాల్సిన బైనరీకి నేను ఎంఆర్చ్‌కి ఎక్స్86-64-వీ2 లేదా వీ3 (ప్రాసెసర్‌లో ఏ ఇన్‌స్ట్రక్షన్లు ఉండాలో చెప్పే స్థాయిలు) ఇస్తాను. జీసీసీ 11 నుంచి ఈ పేర్లు పనిచేస్తాయి. ఏవీఎక్స్2 (ఏవీఎక్స్-512కి ముందుతరం), ఎఫ్ఎంఏ వీ3లో వస్తాయి. బరువైన ఫంక్షన్లు రెండు మూడే ఉంటే వాటికి టార్గెట్ క్లోన్స్ యాట్రిబ్యూట్ పెట్టండి. కంపైలర్ ఒక్కో ఫంక్షన్‌కి పలు వెర్షన్లు తయారుచేస్తుంది, ఉన్న ప్రాసెసర్‌ని బట్టి తగినది రన్ టైమ్‌లో ఎంపికవుతుంది.